మిషన్ కూసిన చోట

సౌదీలోని ఖమీస్ ముషైత్ మొబైల్ బజారులో మస్తాన్ వలీ తొమ్మిదేళ్లు పనిచేశాడు. మనిషి కాళ్లు చాపుకుని పడుకుందామన్నా చాలని కొట్టు అది. నీళ్లలో పడ్డ ఫోన్లు, లారీ చక్రం కింద నలిగిన ఫోన్లు, ముగ్గురు మెకానిక్కులు విప్పి చేతులెత్తేసిన ఫోన్లు చివరికి అతని బల్ల మీదికి వచ్చేవి. పుట్టింది జమ్మలమడుగు దగ్గర పల్లెలో, దూదేకుల ఇంట. తండ్రి పరుపులకు దూది ఏకేవాడు. ఆ వింటినారి మోత వింటూ పెరిగాడు గనకే తన చెవికి సన్నటి తేడాలు పట్టుబడ్డాయని భార్య మదార్బీతో ఫోన్లో అంటుండేవాడు. ఫోన్ స్పీకరులో చిన్న జీర ఉన్నా, ఏ భాగం పోయిందో విప్పకుండానే చెప్పేవాడు.

2016లో సర్కారు ఉత్తర్వు వచ్చింది. మొబైల్ అమ్మే పని, బాగుచేసే పని ఇక సౌదీవాళ్లే చెయ్యాలి. రంజాన్ మొదలయ్యేసరికి సగంమంది, బక్రీదు నెల వచ్చేసరికి అందరూ. బజారులో తనిఖీవాళ్లు తిరగడం మొదలైంది. వాళ్లు వస్తున్నారని తెలిస్తే చాలు, హైదరాబాదువాళ్లు, కేరళవాళ్లు, బంగ్లావాళ్లు కొట్లకు తాళాలు వేసుకుని వెనక సందుల్లో నిలబడేవారు. మస్తాన్ కొట్టు యజమాని అబూ జారల్లా తన మేనల్లుణ్ణి తెచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఆ అబ్బాయి మూడు వారాలు కూర్చున్నాడు, నాలుగో వారం రాలేదు. షట్టరు దించేశారు.

అబూ జారల్లాయే మస్తాన్‌కు కఫీల్ కూడా. ఆ దేశంలో పనివాడి పూచీ కఫీలుది. అతని సంతకం లేనిదే ఇంకోచోట పనికి కుదరడానికి లేదు. మనిషి చెడ్డవాడు కాదు. యాభై దాటిన వయసు, మెల్లగా మాట్లాడతాడు, పండగకి పనివాళ్లకు బట్టలు పెడతాడు. కొట్టు మూసిన రోజు మస్తాన్‌కు టీ తాగించి అడిగాడు.

"ఖురూజ్ కొట్టి ఇంటికి పంపమంటావా? లేక మజ్రాకు వస్తావా?"

ఖురూజ్ అంటే పాస్‌పోర్టు మీద ఆఖరి ముద్ర, ఇక వెనక్కి రాకుండా పోవడం. మజ్రా అంటే అతని పొలం. జమ్మలమడుగులో మదార్బీ కట్టిస్తున్న ఇల్లు గోడల దగ్గర ఆగి ఉంది. ఇంకా స్లాబు పడలేదు. మస్తాన్ పొలానికే వెళ్లాడు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు మీద 'మొబైల్ టెక్నీషియన్' అన్న మాట పోయి 'వ్యవసాయ కూలీ' అన్న మాట వచ్చింది. కొట్టు పేరు మీద పరాయి దేశపువాణ్ణి పెట్టుకుంటే సర్కారుకు కట్టాల్సింది ఏటేటా పెరుగుతుందనీ, పొలం పేరు మీద అయితే ఆ బెడద ఉండదనీ కఫీల్ చెప్పాడు.

పొలం ఊరికి దూరంగా, కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. పొద్దున పూట పొగమంచు కిందినుంచి పైకి ఎక్కుతుంది. కొండకోతులు గుంపులుగా వచ్చి దానిమ్మ చెట్ల మీద పడతాయి. వాటిని తరమడం, మేకలను చూసుకోవడం, మోటారు వెయ్యడం అక్కడి పనులు. పదకొండేళ్లుగా ఆ పనులన్నీ ఒక్కడే చేస్తున్నవాడు హన్మాండ్లు. ఆర్మూరు దాటాక ఒక పల్లె అతనిది. ఊళ్లో మూడు బోర్లు వేసి, మూడింట్లోనూ తెల్లటి దుమ్ము తప్ప మరేమీ చూడక, అప్పులవాళ్లకు మొహం చూపలేక ఈ దేశం వచ్చాడు. మస్తాన్ కన్నా ఎనిమిదేళ్లు పెద్ద. మొదటి రోజే మస్తాన్ చేతులు చూసి నవ్వాడు.

"ఫోన్లు బాగుచేసే చేతులకు మేకల పని చెప్పిండా? ఏంజేస్తం తమ్మీ. ఈడ మనం ఏం నేర్చినమన్నది కాదు, కార్డు మీద ఏం రాసిండ్రన్నదే."

"నేర్పించన్నా, నేర్చుకుంటా" అన్నాడు మస్తాన్.

ఆరు నెలలు అలా గడిచాయి. తర్వాత ఒక రోజు అబూ జారల్లా పొడుగాటి సంచీ ఒకటి బండిలోంచి దించి మస్తాన్ ముందు పెట్టాడు. అందులో మెటల్ డిటెక్టరు. ఎవరో చుట్టం టర్కీ నుంచి తెచ్చి, వాడడం చాతకాక మూల పడేశాడట. పొలం చివర, వాగు ఒడ్డున ఒక పాత రాతి బురుజు ఉంది. దాని పక్కనుంచే ఒకప్పుడు ఒంటెల బాట పోయేదని అబూ జారల్లా తాత చెప్పేవాడట. బాట ఉన్నచోట బేరం ఉంటుంది, బేరం ఉన్నచోట నాణేలు రాలతాయి.

"యంత్రాలు నీ మాట వింటాయి, మస్తాన్" అన్నాడు కఫీల్.

చాలా రోజుల తర్వాత మస్తాన్ చేతికి తనకు తెలిసిన పని వచ్చింది. మిషను పిడికి ఒక చివర చిన్న పెట్టె, రెండో చివర గుండ్రటి పళ్లెంలాంటి కాయిల్. పళ్లేన్ని నేల మీద అటూ ఇటూ ఊపుకుంటూ పోతే, లోపల లోహం ఉన్నచోట పెట్టె కూస్తుంది. సంచీలో రెండు కాయిళ్లున్నాయి. ఒకటి అరచేయంత, ఒకటి అన్నం కంచమంత. హన్మాండ్లు రెంటినీ "తల్లె" అనేవాడు, కంచానికి వాళ్ల ఊరి మాట.

వాడే పద్ధతి చెప్పే పుస్తకం మస్తాన్‌కు రాని భాషలో ఉంది. అతను దాన్ని పక్కన పెట్టి, మోటారు కొట్టం వెనక నేల చదును చేసి, వరసగా గుంటలు తీశాడు. అర రియాలు బిళ్ల, అబూ జారల్లా తల్లి ఇచ్చిన పాత వెండి నాణెం, హన్మాండ్లు సంచీ అడుగున దొరికిన మన రూపాయి, గుర్రపు నాడా మేకు, కూల్‌డ్రింకు డబ్బా మూత, ఒక్కోటీ ఒక్కో గుంటలో వేశాడు. బెత్తెడు లోతున కొన్ని, జానెడు లోతున కొన్ని, మూరెడు లోతున కొన్ని. పూడ్చి, ఒక్కో కాయిల్ బిగించి, ఒక్కో మీట మారుస్తూ రోజుల తరబడి వాటి మీద ఊపాడు. హన్మాండ్లు మేకలను తోలుకొచ్చి గట్టు మీద కూర్చుని చూసేవాడు.

చిన్న కాయిల్ లోతుకు పోదు. కానీ రెండు మేకుల మధ్య ఇరుక్కున్న బిళ్లను కూడా విడదీసి చెబుతుంది. కంచమంతది జానెడు దాకా వింటుంది. కానీ మేకు, బిళ్ల పక్కపక్కనే ఉంటే రెంటినీ కలిపి ఒకటే మూలుగు మూలుగుతుంది. మూరెడు లోతున ఉన్న ఒంటి నాణేన్ని ఏదీ వినలేదు. ఇనుమును వినొద్దని చెప్పే మీట ఒకటి ఉంది. దాన్ని ఎక్కువ తిప్పితే ఇనుముతోపాటు అరిగిపోయిన పలచటి రాగి బిళ్లలు కూడా మూగబోతాయి. చురుకుదనం పెంచే మీటను చివరిదాకా తిప్పితే మిషను పిచ్చుకల గుంపులా ఒకటే కిచకిచలాడుతుంది, ఏది నిజమో తెలియదు. అన్నిటికన్నా ముఖ్యమైనది మట్టి మీట. ఆ కొండల్లో నల్లరాయి ఎక్కువ, రాతిలోనే ఇనుము ఉంటుంది. చోటు మారినప్పుడల్లా కాయిల్‌ను నేలకు దించి ఎత్తి, దించి ఎత్తి, ఆ మట్టి మోత అణిగేదాకా మీటను సరిచెయ్యాలి. లేకపోతే ఉత్త మట్టి కూడా లోహంలా కూస్తుంది.

అబద్ధపు కూతను పట్టుకోవడం కూడా అక్కడే నేర్చాడు. నిజమైన లోహం ఎటువైపునుంచి ఊపినా అదే చోట, అదే గొంతుతో పలుకుతుంది. నల్లమట్టి అయితే తూర్పునుంచి ఊపితే ఒక మాట, ఉత్తరంనుంచి ఊపితే ఇంకో మాట చెబుతుంది. కాయిల్ బెత్తెడు పైకెత్తితే చాలు, గొంతు పడిపోతుంది.

"మనుషుల్ల గూడ గంతే గద తమ్మీ" అన్నాడు హన్మాండ్లు గట్టు మీదనుంచి.

బురుజు పక్కన చిన్న కాయిల్ పెట్టి, ఇనుము మీట దాదాపు అడుగుకు దించి, అడుగులో అడుగు వేస్తూ వెతికిన మూడో శుక్రవారం మొదటి నాణెం దొరికింది. హన్మాండ్లు చిన్న తాపీతో గీకి తీశాడు. బొద్దుగా ఉన్న ఒక రాణి బొమ్మతో, అరచేతిలో బరువుగా కూర్చునే వెండి బిళ్ల. అబూ జారల్లా దాన్ని కళ్లకు అద్దుకున్నాడు.

"ఫ్రాన్సీ రియాల్! మా తాత కాలంలో వీటితోనే ఒంటెలు కొనేవాళ్లు" అని మస్తాన్ నుదుటి మీద ముద్దు పెట్టాడు.

ఆ ఎండాకాలంలో ఇంకో ఎనిమిది దొరికాయి. ఒకటి మన తెల్లదొరల కాలపు రూపాయి. హన్మాండ్లు దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "మా అమ్మమ్మ మెడల ఏసుకునే పేరుల గిసొంటియి ఉండె" అని కఫీలుకు ఇచ్చేశాడు. ఆ దేశం వచ్చాక తను సంతోషంగా ఉన్న నెలలు అవేనని మస్తాన్ తర్వాత అనుకునేవాడు. ఆ మాట అనుకున్నప్పుడల్లా సిగ్గుపడేవాడు.

తర్వాత అబూ జారల్లాకు లంకెబిందెల పిచ్చి పట్టింది. ఎవరో కుండలకు కుండలు నాణేలు తవ్వి తీస్తున్న వీడియోలు అతని ఫోన్లోకి రోజూ వచ్చేవి. కొట్టు మూతపడ్డాక రాబడి తగ్గింది, పెద్దకొడుకు చదువు ముగించి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాడు. చేటంత వెడల్పున్న పెద్ద కాయిల్ ఒకటి తెప్పించాడు.

"దీనితో లోతు పెరుగుతుంది, షేక్. కానీ చిన్నవి వినబడవు. విడి నాణేలు పోతాయి" అన్నాడు మస్తాన్.

"విడి నాణేలు ఎవరిక్కావాలి? కుండెడు నాణేలు చిన్నవి కావు కదా?"

కుండ ఉంటే పెద్ద కాయిల్ వింటుంది, నిజమే. కుండ ఉండాలి కదా.

నాలుగు నెలలు, ప్రతి శుక్రవారం జుమా నమాజు తర్వాత ముగ్గురూ వాగు ఒడ్డుకు వెళ్లేవాళ్లు. ఒక నూనె డ్రమ్ము మూత, ఒక నాగలి కర్రు, తుప్పు పట్టిన తీగచుట్ట దొరికాయి. మిగతా శుక్రవారాల్లో "ఇక్కడేం లేదు, షేక్" అని మస్తాన్ చెప్పడం, కఫీల్ మొహం నల్లబడడం. అంతకుముందే మస్తాన్ ఒక దారి వెతుక్కున్నాడు. దగ్గరి పట్నం అభాలో ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేసే ఒక వర్క్‌షాపువాళ్లు అతన్ని తీసుకోవడానికి ఒప్పుకున్నారు. కఫీల్ తనాజుల్ కాగితం మీద, అంటే వదులుకుంటున్నానన్న కాగితం మీద, సంతకం పెడితే చాలు.

"కుండ దొరికిన రోజున పెడతా" అన్నాడు అబూ జారల్లా.

చలికాలం వచ్చేసరికి అతని మాట మారింది. జనవరినుంచి పరాయి పనివాళ్ల మీద కట్టాల్సింది ఇంకా పెరుగుతుందన్న వార్త వచ్చిన వారం అది. "మిషను బాగానే ఉంది. మనిషే బాగాలేడు" అన్నాడు. "ఈ శుక్రవారం కూడా ఏం లేదంటే, ఆదివారం నీకు ఖురూజ్ కొట్టేస్తా."

ఆ శుక్రవారం ఎండ పలచగా ఉంది, గాలి చల్లగా కోస్తోంది. బురుజు వెనక నల్లటి మట్టి ఉన్నచోటికి మస్తాన్ పెద్ద కాయిల్‌తో వచ్చాడు. చురుకుదనం మీటను చివరిదాకా తిప్పాడు. ఇనుము మీటను పూర్తిగా తీసేశాడు. మట్టి మీటను ముట్టుకోలేదు. తెలియక కాదు. ఎక్కువ వినబడితే మంచిదే కదా అని తనకు తనే చెప్పుకున్నాడు. నాలుగడుగులు వేశాక మిషను మూలిగింది. దీర్ఘంగా, బరువుగా, కింద ఏదో పెద్దది పడుకుని ఉన్నట్టు.

మస్తాన్ అడ్డం తిరిగి ఉత్తరంనుంచి ఊపాడు. మూలుగు రెండు ముక్కలైంది. కాయిల్ బెత్తెడు పైకెత్తాడు. గొంతు పడిపోయింది. అప్పుడే అతనికి తెలిసిపోయింది.

అబూ జారల్లా పరుగెత్తుకొచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"ఇక్కడేనా?"

మస్తాన్ అతని మొహం చూశాడు. ఆదివారం గుర్తొచ్చింది. "యిమ్‌కిన్" అన్నాడు. ఉండొచ్చు అని.

హన్మాండ్లు తలపాగా బిగించి పార అందుకున్నాడు. పైన నల్లమట్టి మూరెడే ఉంది. దాని కింద వాగు ఎప్పుడో తెచ్చి పోసిన ఇసుక, గులకరాళ్లు. నడుము లోతు సులువుగానే దిగాడు. మెడలోతు వచ్చేసరికి గోడలనుంచి రాళ్లు ఒకటొకటే రాలడం మొదలైంది. నిలువు లోతు దాటాక అతని తల కనబడడం మానేసింది, పారతో ఎగరేసిన మన్ను మాత్రం పైకి వచ్చి పడుతోంది.

"మన్ను జారుతున్నది తమ్మీ!" అని లోపలినుంచి అరిచాడు. "మా దిక్కు బాయిలకైతె ఈపాటికి రాతికట్టు కడ్తరు. ఉట్టిగ ఇంకింత దిగొద్దు."

మస్తాన్ ఆ మాట అరబ్బీలో కఫీలుకు చెప్పాడు. "ఇంకొంచెం. ఒక్క మూరెడు" అన్నాడు అబూ జారల్లా. గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుని లోపలికే చూస్తున్నాడు.

పార ఆగింది. హన్మాండ్లు మొహం పైకెత్తాడు. గడ్డం నిండా దుమ్ము.

"సాఫ్ చెప్పు తమ్మీ. ఉన్నదా, లేదా? ఉంటె తవ్వుత. లేకుంటె ఎక్కుత."

లేదన్నా, ఎక్కెయ్ అనాలి. ఆ మాట మస్తాన్ నాలుక మీదికి వచ్చింది. పక్కనే కఫీల్ ఉన్నాడు. తెలుగు అతనికి రాదు, కానీ హన్మాండ్లు పైకి ఎక్కితే ఏం చెప్పాడో తెలిసిపోతుంది.

"చిన్న కాయిల్ పెట్టి, గుంటలోకి దించి చూసి చెప్తానన్నా. ఐదు నిమిషాలు" అన్నాడు.

చిన్న కాయిల్ ఏం లేదని చెబుతుందని అతనికి తెలుసు. ఆ మాట తను చెప్పకుండా మిషను చేత చెప్పించాలనుకున్నాడు. బండి దగ్గరికి నడిచాడు. పెద్ద కాయిల్ మర విప్పాడు. చిన్నదాని వైరు కొసన ఉన్న మర చలికి బిగుసుకుని, రెండుసార్లు అడ్డంగా ఎక్కింది. విప్పి మళ్లీ ఎక్కిస్తుండగా వెనకనుంచి తడి దుప్పటి దులిపినట్టు ఒక చప్పుడు వినబడింది. తర్వాత అబూ జారల్లా కేక.

గుంట సగం పూడిపోయి ఉంది. పార హన్మాండ్లుతోపాటే లోపల ఉండిపోయింది. ఇద్దరూ చేతులతో తోడారు. అబూ జారల్లా తలగుడ్డ ఎక్కడో పడిపోయింది, గోళ్లనుంచి నెత్తురు కారుతోంది, ఏడుస్తూ దేవుణ్ణి పిలుస్తున్నాడు. తోడినంత మన్ను మళ్లీ జారుతోంది. పావుగంటకు తలపాగా చేతికి తగిలింది. ఇంకొంతసేపటికి మొహం. మస్తాన్ అతని నోట్లో వేలు పెట్టి ఇసుక తీశాడు. చెంపలు తట్టాడు. "అన్నా, ఎక్కన్నా. ఏం లేదిక్కడ. ఎక్కెయ్" అన్నాడు. ఆ మాట చాలాసార్లు అన్నాడు.

చాలాసేపటి తర్వాత అబూ జారల్లా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మస్తాన్, విను. మనం బావి తవ్వుతున్నాం. పొలానికి నీళ్లు చాలక బావి. పాత నాణేల కోసం తవ్వామంటే నేరం, నువ్వూ నేనూ ఇద్దరం జైలుకు పోతాం. పోయినవాడు తిరిగి రాడు."

మస్తాన్ లేచి, మిషనును, మూడు కాయిళ్లను సంచీలో పెట్టి జిప్పు వేసి, మేకల కొట్టంలో గడ్డి కింద పెట్టాడు. అదే అతని జవాబు.

పోలీసు అధికారి మర్యాదగానే మాట్లాడాడు. టీ ఇప్పించాడు. బావి ఎన్నాళ్లనుంచి తవ్వుతున్నారని అడిగాడు. తర్వాత అడిగాడు: "అక్కడ తవ్వమని చోటు చూపించింది ఎవరు?"

అధికారి కలం ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

"అతనే" అన్నాడు మస్తాన్. "వాళ్ల ఊళ్లో బావులు తవ్వి అలవాటుందన్నాడు. ఇక్కడ నీళ్లు పడతాయని అతనే చూపించాడు."

కాగితం మీద అది అరబ్బీలో ఎక్కింది. మస్తాన్ కింద సంతకం పెట్టాడు.

వారం తర్వాత గుంట పూడ్చమని కఫీల్ పంపాడు. మస్తాన్ ఒక్కడే వెళ్లాడు. పూడ్చే ముందు మిషను బయటికి తీశాడు. చిన్న కాయిల్ బిగించి, మట్టి మీటను సరిగ్గా సర్ది, గుంటలోంచి పైకి వచ్చిన మన్ను మీద నాలుగు దిక్కులనుంచీ ఊపాడు. అడుగుకు దిగి అక్కడా ఊపాడు. పార ములుకు విరిగి ఒక ముక్క ఉంటే అది పలికింది. అది తప్ప ఒక్క మేకు కూడా లేదు.

శవం ఊరికి చేరడానికి నెలన్నర పట్టింది. ఈలోగా హన్మాండ్లు భార్య ముత్తవ్వ ఫోన్ చేసింది. ఎవరో నంబరిచ్చారట. మస్తాన్ ఆమె గొంతు ఎన్నడూ వినలేదు. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు.

"నువ్వు పక్కనే ఉన్నవట గద తమ్మీ. బాయి తవ్వుతుంటె కూలిందన్నరు."

"అవునమ్మా."

తర్వాత ఆమె అడిగింది.

"నీళ్లు పడ్డయా?"

మస్తాన్ మోటారు కొట్టం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "పడ్డాయమ్మా" అన్నాడు. ఆగి, "బాగా పడ్డాయి. తియ్యటి నీళ్లు" అని కూడా అన్నాడు.

అడగకుండానే అబూ జారల్లా తనాజుల్ మీద సంతకం పెట్టాడు. అప్పటికి ఆలస్యమైంది. ఎలక్ట్రానిక్ కొట్లు కూడా సౌదీవాళ్లకే అన్న జాబితా రాబోతోందని అభా వర్క్‌షాపువాళ్లు వెనక్కి తగ్గారు. ఆఖరికి మస్తాన్ తనే ఖురూజ్ అడిగాడు. అబూ జారల్లా స్వయంగా అభా విమానాశ్రయానికి తీసుకెళ్లాడు. దిగేటప్పుడు "నన్ను మన్నించు" అన్నాడు. మస్తాన్ కూడా అదే అన్నాడు. మన్నించాల్సిన మనిషి ఆ బండిలో లేడు.

ప్రొద్దుటూరులో మోటార్లకు తీగ చుట్టే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఇంటికి స్లాబు పడింది. సంవత్సరం దాటాక ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు గోనెసంచీలో ఏదో చుట్టుకుని కొట్టుకు వచ్చారు. విప్పితే మెటల్ డిటెక్టరు.

"సౌదీలో దీన్ని నడిపినావంట కదా" అన్నాడు పెద్దాయన. "గుట్ట కింద పాత కోట కాడ ఇది ఒగటే కూస్తాండాది. నిజమో కాదో తెలీడం ల్యా. నువ్వు వచ్చి ఒక్క మాట చెప్పు, చాలు. తవ్వేదానికి కూలోళ్లు మా దగ్గర ఉండారు."

మస్తాన్ చేతిలో రాగితీగ చుట్ట కింద పడి దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. "నేను రాను. మీరు కూడా తవ్వించొద్దు" అన్నాడు. వాళ్లు బతిమాలారు, తర్వాత వెక్కిరించారు, వెళ్లిపోయారు. తవ్వించారో మానారో అతనికి తెలియలేదు.

ఆ సాయంత్రం కొట్టు పెందలాడే కట్టేసి, మదార్బీకి మొదటినుంచీ చెప్పాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ వింది. చివరికి అడిగింది.

"ఆయన్నే చోటు చూపించినాడని రాయించినావా?"

"రాయించినా."

"ఆమెకు తెలియాల" అంది మదార్బీ. "నీ కోసరం కాదు. ఆమె మొగుడు ఎట్ల పోయినాడో ఆమెకు తెలియాల గదా."

మస్తాన్ రైలెక్కి, బస్సులు మారి, రెండో రోజు పగటిపూట ఆ ఊరు చేరాడు. ముత్తవ్వ అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన ఆకు, తంబాకు. పేరు చెప్పగానే గుర్తుపట్టి కూర్చోమంది, చెంబుతో నీళ్లిచ్చింది. మస్తాన్ అన్నీ చెప్పాడు. మిషను, మీట, తను అన్న మాట, బండి దగ్గరికి పోవడం, పోలీసులకు రాయించింది. ఆమె చేతులు ఆగలేదు. ఆకు, తంబాకు, చుట్టు, దారం. మధ్యలో ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"మరి నీళ్లు పడ్డయన్నవ్ గద?" అంది అతను ఆపాక.

"పడలేదమ్మా. అసలు బావే లేదు."

అప్పుడు ఆగాయి ఆమె చేతులు.

"ఈడ మూడు బోర్లు ఎండిపాయె" అంది, అరుగు కింది మట్టినే చూస్తూ. "ఆ మనిషి చేతికి ఎన్నడు నీళ్లు దొర్కలే. దేశంగాని దేశంల దొర్కినయట అని దినాలల్ల అందరికి చెప్పిన. మా అత్త గా ఒక్క మాట మీదనే మల్ల అన్నం ముట్టింది."

"తప్పు చేసినానమ్మా. చెప్పకుండా ఉండలేకపోయినా."

"ఉండలేకనే వచ్చినవ్, నాకెరుకే" అంది. గొంతులో కోపం లేదు. "నీ గుండెల బండ తీసి నా గుండెల పెట్టినవ్. నువ్వు అల్కగ పోతవ్."

మస్తాన్ లేవబోతుండగా లోపలినుంచి ముసలామె గోడ పట్టుకుంటూ వచ్చింది. హన్మాండ్లు తల్లి. ఎవరని అడిగింది.

"సౌదీల నీ కొడుకుతోటి పని చేసినాయన" అంది ముత్తవ్వ.

ముసలామె దగ్గరికొచ్చి అతని చెయ్యి తడిమి పట్టుకుంది. చూపు సరిగ్గా ఆననట్టుంది, మొహం మీదికి వంగి చూసింది.

"బాయి కాడ ఉన్నవా బిడ్డా? ఎండకాలం గూడ ఉంటయా అండ్ల నీళ్లు?"

మస్తాన్ ముత్తవ్వ వైపు చూశాడు. ఆమె మళ్లీ ఆకు కత్తిరిస్తోంది.

"అడుగుతున్నది గద. చెప్పు" అంది.

"ఉంటాయవ్వా" అన్నాడు మస్తాన్. "ఎండాకాలం కూడా ఉంటాయి."

ముసలామె తల ఊపి, చాలాసేపు అతని చెయ్యి వదల్లేదు.

వీధి మలుపు దాకా ముత్తవ్వ అతని వెనకే వచ్చింది. బస్సు ఎక్కడ ఆగుతుందో వేలితో చూపించింది. "మల్ల ఈ దిక్కు రాకు తమ్మీ" అని వెనక్కి తిరిగింది. మస్తాన్ మళ్లీ వెళ్లలేదు.